థీమ్ పార్కుకు ఒక్కరే వెళ్తే: ఎక్కడ లాభం, ఎక్కడ ఇబ్బంది

సినిమాకి ఒక్కరే వెళ్ళడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. హోటల్లో ఒక్కరే కూర్చుని భోంచేసే మనిషిని చూసి ఎవరూ జాలిపడరు. ఒంటరిగా అరుణాచలం వెళ్ళి గిరి ప్రదక్షిణ చేసి వస్తే భక్తి అంటారు. అదే మనిషి ఆదివారం వండర్లాకి ఒక్కడే వెళ్ళొచ్చానంటే మాత్రం "ఒక్కడివేనా? ఏమైంది?" అని అడుగుతారు. ఏదో ఒకటి అయితే తప్ప అక్కడికి ఎవరూ ఒంటరిగా వెళ్ళరని మన లెక్క.

ఆ లెక్క పార్కులు కట్టినవాళ్ళకీ ఉంది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్ళు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, తాను బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ, పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి సరదాపడే చోటు ఒకటి ఉంటే బాగుండేది కదా అనుకున్నానని వాల్ట్ డిస్నీ చెప్పుకునేవాడు. 1955 జులై 17న అనహైమ్‌లో తెరుచుకున్న డిస్నీలాండ్ వెనక ఉన్నది ఆ ఆలోచనే. బెంచీ మీద ఒక్కరే మిగిలిపోకూడదనే ఆ పార్కు కట్టారు. తర్వాత వచ్చినవన్నీ ఇంచుమించు ఆ దారిలోనే నడిచాయి. సీట్లు జంటలుగానో నాలుగేసిగానో ఉంటాయి. తిండి కాంబోలు నలుగురికి సరిపడా కడతారు. రైడ్ చివర్లో తీసే ఫొటోలో పక్కపక్కన అరుస్తున్న మొహాలు ఉంటేనే అందం. గుంపు బుకింగులకు రాయితీలుంటాయి, ఒంటరివాళ్ళకు ఉండవు.

ఒంటరిగా వెళ్ళొచ్చా అని అడిగితే చాలామంది మన స్వభావం గురించి మాట్లాడతారు. నలుగురిలో కలిసే మనిషివైతే వద్దు, నీ లోకంలో నువ్వుండే రకమైతే వెళ్ళు అంటారు. నా మటుకు నేను స్వభావం సంగతి తర్వాత చూద్దాం, ముందు పార్కు సంగతి చూడమంటాను. ఆ పార్కులో మీ రోజు దేనికి ఖర్చవుతుంది? లైన్లలో నిలబడటానికా, నీళ్ళలో ఆడటానికా, తిరిగి చూడటానికా? లైన్లే ప్రధానమైన చోట ఒంటరి మనిషికి చాలా కలిసొస్తుంది. నీళ్ళే ప్రధానమైన చోట అడుగడుగునా తోడు లేని లోటు తెలుస్తుంది.

ముందు లైన్ల సంగతి. అమెరికా, జపాన్, సింగపూర్ పెద్ద పార్కుల్లో కొన్ని రైడ్ల దగ్గర "సింగిల్ రైడర్" అని వేరే దారి ఉంటుంది. కొత్త సినిమా హౌస్‌ఫుల్ అయిపోయాక కూడా కౌంటర్‌లో "ఒక్కటైతే ఉంది" అంటారు చూడండి, ఇది అచ్చం అలాంటిదే. ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో 2006లో మొదలైన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనే రోలర్ కోస్టర్‌ని తీసుకుందాం. దాని రైల్లో వరుసకు ఇద్దరు చొప్పున 17 వరుసలు, అంటే 34 సీట్లు. ముగ్గురున్న కుటుంబం ఎక్కితే రెండు వరుసలు పడతాయి, ఒక సీటు మిగులుతుంది. ఒక ట్రిప్పులో అలాంటి కుటుంబాలు నాలుగు ఎక్కాయనుకుందాం. నాలుగు సీట్లు ఖాళీగా పోతాయి. గంటకు నలభై ట్రిప్పులు అనుకుంటే 160 సీట్లు గాలికి పోయినట్టే. ఆ సీట్లలో కూర్చోబెట్టడానికి ఒంటరి మనుషులు కావాలి. కాబట్టి మీకు పక్కదారి ఇచ్చింది మీ మీద ప్రేమతో కాదు. మీ వల్ల పెద్ద లైను కూడా కాస్త త్వరగా కదులుతుందని. అందుకే, పక్కనుంచి ముందుకు వెళ్ళిపోతున్నామని మొహమాటపడాల్సిన పని లేదు. మీరు కూర్చున్న సీటు మరొకరికి దక్కేది కాదు.

ఈ లెక్క తెలిస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. సింగిల్ రైడర్ లైను ఎప్పుడూ చిన్నదే అని ఎవరూ మాట ఇవ్వలేదు. వచ్చిన వాళ్ళంతా ఇద్దరిద్దరూ, నలుగురు నలుగురూ అయితే సీట్లు మిగలవు, మీ లైను అక్కడే ఆగిపోతుంది. పైగా మొగుడూ పెళ్ళాలు, స్నేహితులు కూడా "రైడ్ రెండు నిమిషాలే కదా, విడివిడిగా కూర్చుంటే ఏం పోయింది" అని ఇటే వచ్చేస్తారు. లైను మరీ పెరిగితే సిబ్బంది చెప్పాపెట్టకుండా దాన్ని మూసేస్తారు. కాబట్టి లోపలికి వెళ్ళేముందు అటూ ఇటూ ఎంతమంది ఉన్నారో ఒకసారి చూసుకోవాలి.

ఇంకో నష్టం కూడా ఉంది, చాలామంది రెండోసారి వెళ్ళినప్పుడు గానీ దాన్ని గమనించరు. మంచి పార్కుల్లో లైను కూడా రైడ్‌లో భాగమే. ఎవరెస్ట్ మామూలు లైను హిమాలయ గ్రామంలా కట్టిన గదుల్లోంచి, యెతి అనే మంచుమనిషి గురించిన ఒక మ్యూజియంలోంచి సాగుతుంది. గోడల మీది ఫొటోలు, పాదముద్రల అచ్చులు, హెచ్చరికలు చూసుకుంటూ వెళ్తే కోస్టర్ ఎక్కేసరికి కథ బుర్రకెక్కుతుంది. సింగిల్ రైడర్ దారిలో అవేవీ ఉండవు. నేరుగా తీసుకెళ్ళి సీట్లో పడేస్తారు. మొదటిసారి వెళ్ళినవాళ్ళు ఒక్కసారైనా మామూలు లైన్లో వెళ్ళాలని నేనంటాను, గంట పట్టినా సరే. రెండోసారికి పక్కదారి ఎలాగూ ఉంది.

మీ సీటు మీరు ఎంచుకునేది కాదన్నది మరో చిక్కు. డిస్నీ పార్కుల్లో 2019లో వచ్చిన మిలీనియమ్ ఫాల్కన్ రైడ్‌లో ఆరుగురు కలిసి ఒక అంతరిక్ష నౌక నడుపుతారు: ఇద్దరు పైలట్లు, ఇద్దరు గన్నర్లు, ఇద్దరు ఇంజినీర్లు. స్టీరింగ్ పైలట్ల చేతిలో ఉంటుంది. సింగిల్ రైడర్‌గా వెళ్తే దాదాపు ఎప్పుడూ దక్కేది వెనక వరుసలో ఇంజినీర్ కుర్చీ. ముందు కూర్చున్న ఎవరింటి పిల్లాడో నౌకని గోడలకేసి గుద్దుతుంటే, వెనక మీరు బటన్లు నొక్కి బాగుచేస్తూ ఉండాలి. మన ఊళ్ళ నుంచి వెళ్ళిన సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఆఫీసు గుర్తొస్తే ఆ తప్పు వాళ్ళది కాదు.

ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చోవడం కూడా అన్ని రైడ్లలో ఒకలా ఉండదు. డిస్నీలాండ్‌లోని మాటర్‌హార్న్ కోస్టర్‌లో 2012కి ముందు ఒకరి ముందు ఒకరు ఆనుకుని, ఒకే బెల్టులో ఇమిడి కూర్చునేవాళ్ళు. తల్లీపిల్లలకు అది ముద్దుగానే ఉంటుంది. అదే పరాయి మనిషైతే? ఆ ఏడాది ఒక్కొక్కరికి ఒక్కో సీటుండే బండ్లు తెచ్చారు. ఇప్పటికీ కొన్ని రైడ్లలో ఇద్దరి ఒళ్ళోకీ కలిపి ఒకే కడ్డీ దిగుతుంది. ఆ కడ్డీ ఇద్దరిలో లావుగా ఉన్న మనిషి తొడల దగ్గర ఆగిపోతుంది. పక్కన కూర్చున్నది భారీ మనిషైతే, సన్నగా ఉన్నవాళ్ళు ప్రతి మలుపులో అటూ ఇటూ జారుతుంటారు. ప్రమాదం లేకపోయినా గుండె మాత్రం కాస్త ఎక్కువగానే కొట్టుకుంటుంది. భుజాల మీంచి ఎవరిది వాళ్ళకు దిగే పట్టీలున్న కోస్టర్లలో ఈ గొడవ లేదు.

డబ్బు సంగతికొస్తే లెక్క రెండు వైపులా ఉంది. డిస్నీలో లైట్నింగ్ లేన్, వండర్లాలో ఫాస్ట్‌ట్రాక్ లాంటివి, అంటే అదనంగా కట్టి లైను తప్పించుకునే టికెట్లు, మనిషికింత అని అమ్ముతారు. నలుగురున్న ఇంట్లో నాలుగింతలు అవుతుంది కాబట్టి ఎక్కువ కుటుంబాలు వెనకాడతాయి. ఒంటరి మనిషి ఒక్కటి కొనుక్కుంటే సరి. హోటల్ గది, క్యాబ్, పార్కింగ్ మాత్రం మనుషుల లెక్కలో రావు. నలుగురు పంచుకునే గది అద్దె ఒక్కరి నెత్తిన పడుతుంది. డిస్నీ పార్కులున్న ఓర్లాండో లాంటి చోట టికెట్టు కన్నా గదే ఎక్కువ బరువనిపించవచ్చు. ఇన్ని లెక్కల్లో నిజంగా తేడా తెచ్చేది ఒకటే: తేదీ. కుటుంబం కదలాలంటే పిల్లలకు సెలవుండాలి, ఇద్దరికీ ఆఫీసు కుదరాలి. అమెరికాలో మనవాళ్ళు ఫ్లోరిడా వెళ్ళేది ఎక్కువగా థాంక్స్‌గివింగ్‌కి, క్రిస్మస్ వారానికి. అవి బాగా రద్దీగా ఉండే రోజులు, టికెట్ ధర కూడా తేదీని బట్టే మారుతుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు సెలవులు కాని ఏ మంగళవారమో చూసుకుని వెళ్ళొచ్చు. ఆ వెసులుబాటు ముందు సింగిల్ రైడర్ లైనుతో వచ్చే లాభం కూడా చిన్నదే.

ఇక మన పార్కుల దగ్గరకొద్దాం. ఇక్కడ కథ మారుతుంది.

హైదరాబాద్ వండర్లా 2016లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో మొదలైంది. అక్కడ రీకాయిల్ లాంటి కోస్టర్లున్నాయి. ముందుకు గింగిరాలు తిప్పి, అదే పట్టాల మీద మళ్ళీ వెనక్కి తీసుకొస్తుంది. అలాంటివాటికి ఒంటరిగా వెళ్ళినా ఏ ఇబ్బందీ లేదు. కానీ మన ఎండలకు ఇక్కడి జనం సగం రోజు నీళ్ళలోనే ఉంటారు. నీళ్ళలోకి దిగేటప్పుడు ఫోనూ పర్సూ వెంట ఉండకూడదు. నలుగురు వెళ్తే ఒకరు గట్టున కూర్చుంటారు, తర్వాత మారతారు. ప్రతి గుంపులోనూ "నాకు వద్దులే, మీరు వెళ్ళండి, నేను బ్యాగులు చూస్తా" అనే పిన్నిగారో బాబాయిగారో ఒకరుంటారు. వాళ్ళ విలువ ఒంటరిగా వెళ్ళినప్పుడు తెలుస్తుంది. లాకర్ అద్దెకు తీసుకుంటే వస్తువులకు భద్రత దొరుకుతుంది. కానీ ఫోను అందులో పెట్టాక టైము తెలియదు, ఇంటి నుంచి ఫోనొచ్చినా తెలియదు, ఒక్క ఫొటో కూడా ఉండదు. ఏదైనా కొనుక్కోవాలంటే తడి బట్టలతో మళ్ళీ లాకర్ దాకా నడవాలి. కొన్ని విదేశీ పార్కులు దీనికి దారి కనిపెట్టాయి. ఓర్లాండో యూనివర్సల్‌లో 2021లో వచ్చిన వెలోసికోస్టర్ దగ్గర లాకర్లకు రెండువైపులా తలుపులుంటాయి. ఎక్కేటప్పుడు ఇటునుంచి పెట్టి, దిగి వచ్చేటప్పుడు అటునుంచి తీసుకుంటారు. బ్యాగులు పట్టుకునే మనిషి పని గోడే చేసేస్తుంది.

నీళ్ళ రైడ్లలో అసలు అడ్డంకి తెప్పల దగ్గర వస్తుంది. నలుగురైదుగురు కూర్చునే గుండ్రటి తెప్పను పైనుంచి వదిలే జారుడుబల్లలుంటాయి కదా. వాటికి గరిష్ఠంగా ఇంతమంది అని ఉన్నట్టే, కనిష్ఠంగా ఇంతమంది అని కూడా ఉంటుంది. తెప్ప ఎంత వేగంతో జారాలి, మలుపు దగ్గర గోడ మీదికి ఎంత ఎత్తు ఎక్కాలి అనేది బరువును బట్టి లెక్క కట్టి పెడతారు. మరీ తేలికైతే మధ్యలో నిలిచిపోవచ్చు, బరువంతా ఒక పక్కనే ఉంటే తిరగబడొచ్చు. అందుకని ఒక్కరే మెట్లన్నీ ఎక్కి పైకి వెళ్తే, లైఫ్‌గార్డు "ఇంకెవరూ లేరా సార్? అయితే పక్కన నిలబడండి" అంటాడు. వెనక ముగ్గురొచ్చే దాకా ఆగాలి. వాళ్ళు ఒప్పుకోవాలి. కుర్రాళ్ళ గుంపైతే "రండన్నా" అని కలుపుకుంటారు. ఆడపిల్లలతో వచ్చిన కుటుంబమైతే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఆ కాసేపటి ఇబ్బంది రోజుకు అయిదారుసార్లు పడితే ఎవరికైనా విసుగొస్తుంది. ఇద్దరు కూర్చునే ట్యూబులకూ ఇదే తంతు.

లైన్లో నిలబడటంలో కూడా మన పద్ధతి వేరు. ఒకరు లైన్లో ఉంటే మిగతావాళ్ళు నీళ్ళు తాగో, బాత్‌రూముకు వెళ్ళో వచ్చి కలుస్తారు. వెనకవాళ్ళు గొణుగుతారు గానీ ఊరుకుంటారు. ఒంటరి మనిషి ఒకసారి లైన్లోకి దూరాక మధ్యలో బయటికి వస్తే మళ్ళీ చివర్నుంచే. ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు. వెళ్ళేముందే నీళ్ళు తాగి, అన్నీ చూసుకుని లైనెక్కాలి. కళ్ళు తిరిగితే ముందు గమనించేవాళ్ళు పక్కన ఉండరు కాబట్టి, తిరిగే రైడ్లు రెండు వెంటవెంటనే ఎక్కకపోవడం మంచిది. బీపీ, షుగరు, మూర్ఛ లాంటివి ఉన్నవాళ్ళు మాత్రం ఒంటరిగా నీళ్ళ పార్కులోకి వెళ్ళొద్దు. ఇందులో మధ్యేమార్గం ఏమీ లేదు.

వీటితో పోలిస్తే 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ ఒంటరివాళ్ళకు చాలా నయం. 1,666 ఎకరాల్లో ఉన్న ఆ చోటు ఎక్కువగా బస్సులో కూర్చుని, దిగి, చూసి, మళ్ళీ ఎక్కే వ్యవహారం. షోలకు వేళలుంటాయి, హాల్లో ఒక్క సీటు ఎప్పుడూ దొరుకుతుంది. తెప్ప ఎక్కడానికి నలుగుర్ని వెతుక్కోవాల్సిన పని లేదు. ఫొటో తీసేవాళ్ళు కావాలంటే పక్కన ఫొటోల కోసమే వచ్చిన కొత్త జంట ఉండనే ఉంటుంది. వాళ్ళది మీరు తీయండి, మీది వాళ్ళు తీస్తారు.

సరే, ఇదంతా ఏర్పాట్ల సంగతి. సరదా మాటేమిటి? ఒంటరిగా వెళ్తే బోరు కొట్టదా?

దీని మీద ఆసక్తికరమైన పరిశోధనలు రెండున్నాయి. రెబెక్కా రాట్నర్, రెబెక్కా హామిల్టన్ అనే ఇద్దరు మార్కెటింగ్ ప్రొఫెసర్లు 2015లో ఒకటి ప్రచురించారు. నలుగురూ చూసే చోటికి సరదా కోసం ఒంటరిగా వెళ్ళడానికి జనం వెనకాడతారని, వెళ్తే అంతగా బాగుండదని ముందే అనుకుంటారని తేలింది. ఒక ప్రయోగంలో కొందర్ని ఒంటరిగా, కొందర్ని జంటగా ఒక ఆర్ట్ గ్యాలరీలోకి కాసేపు పంపారు. లోపలికి వెళ్ళకముందు ఒంటరివాళ్ళు తమకు తక్కువ నచ్చుతుందన్నారు. బయటికొచ్చాక చూస్తే పెద్ద తేడా లేదు. వెనక్కి లాగేది లోపల కలిగే విసుగు కాదు, చూసేవాళ్ళు ఏమనుకుంటారో అన్న టెన్షన్.

రెండోది యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళది, 2014 నాటిది. దాని ఫలితం మొదట పై మాటకు అడ్డంగా కనిపిస్తుంది. ఒకే చాక్లెట్‌ని పక్కన మరో మనిషి కూడా అదే సమయంలో తింటుంటే ఎక్కువ నచ్చిందన్నారు, ఆ మనిషి వేరే పనిలో ఉంటే తక్కువ నచ్చిందన్నారు. చేదు చాక్లెట్ ఇస్తే తలకిందులైంది: పక్కవాళ్ళు కూడా తింటుంటే ఇంకా చేదనిపించింది. మంచైనా చెడైనా, ఇంకొకరితో కలిసి అనుభవిస్తే రెట్టింపవుతుందన్నమాట. అయితే ఒంటరి ప్రయాణం దండగేనా? అక్కడే ఒక మెలిక ఉంది. ఆ పక్కన కూర్చున్న మనిషి స్నేహితుడు కాదు, అప్పుడే కలిసిన పరాయి మనిషి. తింటున్నప్పుడు వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు కూడా.

కోస్టర్‌కి ఇది అతికినట్టు సరిపోతుందని నా అభిప్రాయం. పైనుంచి కిందికి పడేటప్పుడు పక్కన అరుస్తున్నది మీ తమ్ముడా, పొరుగు రాష్ట్రం కుర్రాడా అని ఒళ్ళు అడగదు. రైడ్ మీద ఒంటరితనం ఉండదు. అది ఉండేది రైడ్‌కీ రైడ్‌కీ మధ్య. దిగాక "అబ్బ, ఆ రెండో మలుపు!" అని చెప్పడానికి ఎవరూ ఉండరు. మధ్యాహ్నం ప్లేటు పట్టుకుని నాలుగు కుర్చీల బల్ల దగ్గర ఒక్కరే కూర్చోవాలి. లైన్లో ముప్పావుగంట. అంటే లోటు ఉన్నది ఖాళీ సమయంలో, ఆ ఖాళీ ఎంతన్నది మళ్ళీ పార్కును బట్టే. రద్దీ లేని రోజు చూసుకుని, మధ్యాహ్నం పన్నెండున్నరకు కాకుండా పదకొండుంపావుకే తినేస్తే ఆ ఖాళీ బాగా తగ్గుతుంది. మిగిలిన దాన్ని ఆస్వాదించే మనుషులు కూడా ఉన్నారు. ఇష్టమైన కోస్టర్‌నే వరసగా మళ్ళీ మళ్ళీ ఎక్కొచ్చు, "మళ్ళీ అదేనా" అని ఎవరూ విసుక్కోరు. పిల్లల రైడ్ దగ్గర గంటసేపు గొడుగు పట్టుకుని నిలబడక్కర్లేదు.

ఇప్పటిదాకా ఒంటరి మనిషి అంటే ఒకే రకం అన్నట్టు మాట్లాడాను. కాదు కదా. మగవాళ్ళకు ఒక సమస్య, ఆడవాళ్ళకు మరొకటి.

ఊరి బయట ఉండే చిన్న వాటర్ పార్కులు, రిసార్టుల్లో కొన్ని "స్టాగ్స్ నాట్ అలౌడ్" అని బోర్డు పెడతాయి. కుటుంబమో జంటో అయితేనే లోపలికి. తాగి వచ్చి గొడవచేసే గుంపుల్ని ఆపడానికి పెట్టిన ఆ నిబంధన, పుస్తకం పట్టుకుని ఒక్కడే వచ్చినవాడికి కూడా వర్తిస్తుంది. నాకది అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ వేవ్ పూల్‌లో ఆడవాళ్ళ చుట్టూ తచ్చాడే బ్యాచ్‌లను చూశాక, పెట్టినవాళ్ళను పూర్తిగా తప్పుపట్టలేను. ఏమైనా టికెట్ కొనేముందు ఫోన్ చేసి అడగడం మంచిది, గేటు దగ్గర వాదన వల్ల పని జరగదు. పెద్దవాళ్ళ మీద ఇలాంటి ఆంక్షలు మన దగ్గరే ఉన్నాయనుకోకండి. లెగోలాండ్ డిస్కవరీ సెంటర్లలో మామూలు రోజుల్లో పిల్లలు వెంట లేని పెద్దల్ని రానివ్వరు. డిస్నీ అమెరికా పార్కుల్లో దీనికి రివర్సు: 14 ఏళ్ళు నిండని పిల్లలు తోడు లేకుండా రాకూడదు, పెద్దవాళ్ళు ఒంటరిగా ఎంచక్కా వెళ్ళొచ్చు.

ఆడవాళ్ళను గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఇబ్బంది లోపల మొదలవుతుంది. డ్రై రైడ్లలో, షోలలో పెద్దగా తేడా ఉండదు. వేవ్ పూల్, రెయిన్ డ్యాన్స్ దగ్గర మాత్రం ఆదివారం సాయంత్రాలు ఒంటరిగా దిగకపోవడమే నయం. నడుం లోతు నీళ్ళలో, అంత తొక్కిడిలో ఎవరు తగిలారో, కావాలని తగిలారో లేదో తేల్చడం కష్టం. తగిలినవాడికి ఆ సంగతి బాగా తెలుసు. వారం మధ్యలో, ఉదయం పూట, లైఫ్‌గార్డు కుర్చీకి దగ్గరగా ఉంటే చాలావరకు ప్రశాంతంగా ఉంటుంది. తెలంగాణలో 2014లో మొదలైన పోలీసుల షీ టీమ్స్ ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటాయి. 112కి ఫోన్ చేసినా సరే. అయితే ఫోను లాకర్లో ఉంటుంది కాబట్టి, ముందు సెక్యూరిటీ వాళ్ళు ఎక్కడుంటారో చూసి పెట్టుకోవాలి. ఆడవాళ్ళు జాగ్రత్తపడాలని రాయడం నాకు ఇష్టమేమీ కాదు, కానీ పూల్ దగ్గర పరిస్థితి అదీ.

చివరగా ఇంటికి రావడం. రావిర్యాల నగరం నడిబొడ్డు నుంచి పాతిక కిలోమీటర్ల పైమాటే. ఎల్బీనగర్ దాకా మెట్రో ఉన్నా అక్కడి నుంచి మళ్ళీ బస్సో ఆటోనో చూసుకోవాలి. పార్కు మూసే వేళకు జనమంతా ఒక్కసారే బయటపడతారు, క్యాబ్ రేట్లు పెరిగిపోతాయి, పంచుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. మూయడానికి ముప్పావుగంట ముందే బట్టలు మార్చుకుని గేటు దాటితే చార్జీ తగ్గుతుంది, బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరుకుతుంది.